ఆర్డరు వచ్చాక కూడా ఆగాల్సిన ఆ ఐదు వారాలు

పోయినేడాది వేసవిలో మా ఇంట్లో ఐదు వారాలు ముగ్గురు ఉండి వెళ్లారు. నా చిన్నప్పటి స్నేహితురాలు, వాళ్లాయన, ఒక తొమ్మిదేళ్ల పాప. ఆ ఇద్దరూ ఇరవయ్యేళ్ల కిందట అమెరికా వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు. పాప గోదావరి వైపు ఒక జిల్లాలో హోమ్‌లో పెరిగింది. మా ఇంటికి వచ్చేసరికే పాపని వాళ్లకి దత్తత ఇస్తూ కలెక్టర్ గారి ఆర్డరు వచ్చేసింది. చట్టప్రకారం ఆమె వాళ్ల కూతురు. అయినా విమానం ఎక్కించడానికి లేదు. "కూతురని రాసిచ్చాక ఇంకా దేనికమ్మా ఆగడం?" అని మా అత్తగారు రోజూ అడిగేవారు, మొదటి వారం నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత వాళ్లతోపాటు ఆఫీసులు తిరిగి, ఫారాలు చదివి, ఫోన్లు చేసి అర్థం చేసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చంటిపిల్లని దత్తత తీసుకుని ఆగడం ఒక రకం, అన్నీ తెలుస్తున్న పిల్లని పక్కన పెట్టుకుని ఆగడం ఇంకో రకం. ఆ తేడా గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు.

ముందు ఈ కాగితాలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి, లేకపోతే ప్రతి సంతకమూ మనల్ని వేధించడానికే పెట్టారనిపిస్తుంది.

1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని కొన్ని దత్తత కేంద్రాల్లో బయటపడ్డ సంగతులు నా వయసువాళ్లకి గుర్తుండే ఉంటాయి. తండాల్లో పేద లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లల్ని కొనుక్కొచ్చి, తల్లే ఇష్టపడి వదిలేసినట్టు కాగితాలు పుట్టించి, ఆ పిల్లల్ని విదేశీ దత్తతకి సిద్ధం చేశారు. తల్లి బతికుండగానే కాగితంలో అనాథ అయిన పిల్లలు వాళ్లు. ఆ గొడవ తర్వాత 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేదరికం పేరుతోనో, ఆడపిల్ల అనో తల్లిదండ్రులు పిల్లల్ని వదిలేసుకోవడాన్నే నిషేధించింది. అంతకుముందే, 1984లో, లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు విదేశీ దత్తతకి మార్గదర్శకాలు ఇచ్చింది. 1990లో కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ, ఏర్పడింది. విదేశీ దత్తతల మీద దేశాలు చేసుకున్న 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది, అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందం సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: పిల్ల సొంత కుటుంబంలో పెరగాలి, అది కుదరకపోతే సొంత దేశంలో ఒక కుటుంబం దొరకాలి, అదీ కుదరనప్పుడే దేశం దాటాలి, ఆ దాటడంలో ఎక్కడా అమ్మకం ఉండకూడదు. ఇది నిజమేనని రెండు ప్రభుత్వాలూ ఒకరి కాగితాన్ని ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి. ఆ చూసుకోవడానికి పట్టే టైమే మనం ఆగే టైమ్. ఒక్కో కాగితం వెనక ఆ తండాల్లోని తల్లులు ఉన్నారని నాకు అర్థమయ్యాక చిరాకు చాలావరకు పోయింది.

ఇప్పుడు నడుస్తున్న చట్టం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. అందులో 59వ సెక్షన్ ప్రకారం, ఒక పిల్లని దత్తతకి ఇవ్వొచ్చని బాలల సంక్షేమ సమితి తేల్చాక 60 రోజుల్లో ఇక్కడి భారతీయులు గానీ, భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు గానీ దొరక్కపోతేనే విదేశీ దత్తతకి దారి తెరుచుకుంటుంది. వైకల్యం ఉన్న పిల్లలకి, తోబుట్టువులకి, ఐదేళ్లు దాటిన పిల్లలకి ఆ దారిలో ప్రాధాన్యం ఇవ్వొచ్చని అదే సెక్షన్ చెబుతుంది. చట్టం దృష్టిలో పెద్ద పిల్ల అంటే ఐదేళ్లు దాటిన పిల్ల, అంతే. ఐదేళ్లు! మన ఇళ్లలో ఆ వయసు పిల్లలకి ఇంకా అన్నం కలిపి నోట్లో పెడతాం. కానీ దత్తతకి వచ్చే ఎక్కువమంది చంటిపాపే కావాలంటారు కాబట్టి ఐదేళ్లు దాటితే పిల్ల వెనకబడిపోతుంది. 2024-25లో దేశం మొత్తం మీద 4,515 దత్తతలు జరిగితే అందులో 4,155 దేశం లోపలివే. మిగిలిన కొద్దిమందిలో ఒకరు మా ఇంట్లో ఐదు వారాలు ఉన్నారు.

ఇక్కడ మనవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉంటే దత్తత వరుసలో ఇక్కడివాళ్లతో సమానంగా చూస్తారు. ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉంటే విదేశీయుల వరుసలోకి వెళ్తారు. సరే, పౌరసత్వం తీసుకోకుండా ఉంటే మేలు కదా అంటారా, అమెరికా వైపు లెక్క తలకిందులుగా ఉంటుంది. హేగ్ దత్తతకి అక్కడ వేసే ఐ-800 పిటిషన్ అమెరికా పౌరులకే. గ్రీన్‌కార్డు మీదో హెచ్‌1బీ మీదో ఉన్నవాళ్లకి ఆ దారి లేదు. ఒక దేశంలో మనల్ని ముందుకు తెచ్చే కాగితమే ఇంకో దేశంలో అడ్డం పడుతుంది. ఇది పిల్ల ఫొటో చూడకముందే తెలుసుకోవాల్సిన సంగతి, చూశాక తెలిస్తే తట్టుకోవడం కష్టం.

నా స్నేహితురాలి ఫైలు నడిచిన తీరు క్లుప్తంగా చెప్తాను. అక్కడి గుర్తింపు ఉన్న సంస్థ ఇల్లు, ఆరోగ్యం, ఆదాయం, మనస్తత్వం అన్నీ చూసి హోమ్ స్టడీ రాసింది. మీరు దత్తతకి తగినవాళ్లే అని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఐ-800ఏ అనే మొదటి దరఖాస్తు మీద ఒప్పుకుంది. దానికి గడువు 15 నెలలు, ఈలోగా ఇల్లు మారినా ఉద్యోగం మారినా రిపోర్టు మళ్లీ రాయించుకోవాలి. దంపతుల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్లలోపు పిల్లకైతే మొత్తం 85 దాటకూడదు, ఎనిమిదేళ్లు దాటిన పిల్లకైతే 110 వరకు ఒప్పుకుంటారు. వీళ్లిద్దరివీ కలిపితే 97. కారా పోర్టల్‌లో పాప వివరాలు, వైద్య నివేదిక చూసి ఒప్పుకున్నారు, ఐ-800కి ముందస్తు ఆమోదం వచ్చింది, ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం తన ఒప్పుదల లేఖ ఇచ్చింది, దాని మీద కారా ఎన్‌ఓసీ, అంటే తనకి అభ్యంతరం లేదనే పత్రం, ఇచ్చింది. అప్పుడు ఫైలు కలెక్టర్ దగ్గరికి వెళ్లింది. ఇదివరకు ఈ ఆర్డరు కోర్టు ఇచ్చేది. 2021లో చట్టాన్ని సవరించారు, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరే, ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టిన రెండు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, పిల్ల వయసుని బట్టి, తెలివిని బట్టి ఆమె ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉంది. ఇది నాకు చాలా నచ్చిన మాట. తొమ్మిదేళ్ల పిల్లని ఇష్టమేనా అని అడగకుండా ఎవరైనా ఎలా పంపిస్తారు?

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఎన్‌ఓసీ వచ్చాక, ఆర్డరు ఇంకా రాకముందే, కావాలంటే తల్లిదండ్రులు వచ్చి హామీపత్రం రాసిచ్చి పిల్లని తమ దగ్గర ఉంచుకోవచ్చు, కాకపోతే దేశం దాటకూడదు. దాన్ని దత్తతకి ముందటి ఫోస్టర్ కేర్ అంటారు. నా స్నేహితురాలు సెలవు దొరక్క ఆర్డరు వచ్చాకే వచ్చింది. మీలో ఒక్కరికైనా వీలైతే ముందే రావడం మంచిదని నేను గట్టిగా అంటాను. ఎందుకంటే పెద్ద పిల్లకి ఎన్‌ఓసీ నాటికే సంగతి తెలిసిపోతుంది. వీడియో కాల్‌లో మాట్లాడి ఉంటుంది, ఆల్బమ్ చూసి ఉంటుంది, తోటిపిల్లలకి చెప్పేసి ఉంటుంది. మనం ఆర్డరు కోసం ఆగే రెండు నెలలు ఆమె హోమ్‌లో "మీ అమ్మ ఇంకా రాలేదేం?" అన్న ప్రశ్న వింటూ ఉంటుంది. అమెరికాలో 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థల్లో పనిచేసేవాళ్లకి దత్తత కోసం 12 వారాల వరకు జీతం లేని సెలవు తీసుకునే హక్కు ఉంది, ఆ వారాల్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు మా అత్తగారి ప్రశ్న. ఆర్డరు వచ్చాక మిగిలేవి ఏమిటి?

హేగ్ ఒప్పందం ప్రకారమే దత్తత జరిగిందని కారా ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, కన్ఫర్మిటీ సర్టిఫికెట్ అంటారు. అది త్వరగానే వస్తుంది. కొత్త తల్లిదండ్రుల పేర్లతో పుట్టిన తేదీ సర్టిఫికెట్ రావాలి. ఆ రెండింటితో భారత పాస్‌పోర్టు రావాలి, ఎందుకంటే పాప ఇంకా భారత పౌరురాలే. పాస్‌పోర్టు చేతికొచ్చాక రాయబార కార్యాలయం గుర్తించిన డాక్టర్ల దగ్గరే వైద్యపరీక్ష, ఆ తర్వాత ఢిల్లీలో వీసా ఇంటర్వ్యూ. ఒకదాని తర్వాతే ఇంకొకటి. గొలుసులాంటిది, ఒక్క కొక్కెం ఊడినా వెనక్కి వెళ్లాలి.

మాకు ఊడిన కొక్కెం ఇంటిపేరు. ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టులో దాన్ని విడిగా వేరే గడిలో వేస్తారు, అమెరికాలో చివర రాస్తారు. ఆర్డరులో ఇంటిపేరు ముందుంది, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో పొడి అక్షరం అయింది, తండ్రి పేరులో ఒక ఇంగ్లిష్ అక్షరం ఎగిరిపోయింది. దిద్దించడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఆఫీసులో కూర్చున్న మనిషిని నేనేమీ అనను, రోజుకి వందల పేర్లు టైపు చేసే మనిషి. కానీ ఆ సర్టిఫికెట్ చేతికి ఇచ్చిన నిమిషంలోనే, ఆ కిటికీ దగ్గరే నిలబడి, ఆర్డరు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివి ఉంటే ఆ పదకొండు రోజులు మిగిలేవి. మేము ఇంటికొచ్చి, మర్నాడు పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతున్నప్పుడు చూశాం.

పుట్టిన తేదీ గురించి కూడా చెప్పాలి. దొరికిన పిల్లలకి ఆ తేదీ డాక్టరు పళ్లు, ఎముకలు చూసి వేసిన అంచనా. మా పాప "నాకు పదకొండు" అని ఖచ్చితంగా చెప్పేది, ఫైలులో తొమ్మిది. ఎవరిది నిజమో తేల్చే దారి లేదు. ఇది బడిలో ఏ క్లాసులో వేయాలన్నదాంతో ఆగదు. దత్తత పిల్లకి 11 నిండకపోతే టీకాలు అక్కడికి వెళ్లాక 30 రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వొచ్చు, నిండితే ఆ సౌకర్యం లేదు, ఇక్కడే వేయించుకోవాలి. పిల్లకి 16 నిండకముందే ఐ-800 వేయాలి, తోబుట్టువు విషయంలో 18 వరకు. ఎవరో ఒక డాక్టరు ఒక రోజు రాసిన అంచనా మీద ఇన్ని నిలబడి ఉన్నాయి.

వైద్యపరీక్ష దగ్గర అసలు టెన్షన్ టీబీతో. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి రెండేళ్లు దాటిన పిల్లలందరికీ రక్తపరీక్ష చేస్తారు. చంటిపిల్లలకి ఇది ఉండదు, పెద్ద పిల్లలకి ఉంటుంది. హోమ్‌లో పదుల మందితో ఒకే గదిలో పడుకున్న పిల్లకి పాజిటివ్ రావడం వింత కాదు, దానర్థం జబ్బు ఉందని కాదు, ఎప్పుడో క్రిమి ఒంట్లోకి చేరిందని. అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. అది శుభ్రంగా ఉంటే ముందుకి. అందులో అనుమానం వస్తే మాత్రం కఫం నమూనాలు మూడు తీసి, క్రిమి పెరుగుతుందేమో చూడటానికి కల్చర్‌కి పెడతారు, ఆ ఫలితానికి దాదాపు ఎనిమిది వారాలు. మా పాపకి రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎక్స్‌రే ఫలితం వచ్చేదాకా రెండు రాత్రులు నా స్నేహితురాలు కన్ను మూయలేదు. ఎక్స్‌రే బాగానే ఉంది. తిరుగు టికెట్ తేదీ మార్చుకునేలా కొనమని అందరూ చెప్పేది ఇందుకే.

"ఏముంది, ఎలాగో తీసుకెళ్లిపోయి అక్కడ సరిచేసుకోవచ్చు కదా" అని మా బంధువుల్లో ఒకాయన నిజంగానే అన్నారు. కలెక్టర్ ఆర్డరు లేకుండా పిల్లని విదేశానికి తీసుకెళ్లినా, పంపినా, అందులో చెయ్యి కలిపినా మూడేళ్ల వరకు జైలు. ఆర్డరు ఉన్నా వీసా లేకపోతే అసలు విమానమే ఎక్కనివ్వరు.

ఇక పాప. నేను రాయాలనుకున్నది ఎక్కువగా ఈ సంగతే.

మొదటి మూడు రోజులు పాప చాలా బాగుంది. చెప్పిన మాట వింది, కంచం తనే కడిగింది, అందరినీ నవ్వుతూ పలకరించింది. మా అత్తగారు మురిసిపోయారు. నాలుగో రోజు నేను దిండు గలేబు మార్చబోతే లోపల బిస్కెట్లు, రెండు అరటిపళ్లు, ఒక ఇడ్లీ. ఐదో రోజు స్నేహితురాలు మందుల షాపుకని పావుగంట బయటికెళ్తే పాప గేటు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రమ్మంటే రాదు, ఏడవదు, మాట్లాడదు. ఆ రాత్రి నుంచి ఒంటరి గదిలో నిద్రపోలేదు. అది మొండితనం కాదు. హోమ్‌లో రాత్రంతా చుట్టూ ముప్ఫై మంది ఊపిరి వినపడుతుంది, ఆ నిశ్శబ్దం ఆమెకి కొత్త. మేము ముగ్గురం ఆడవాళ్లం హాల్లో చాపలు వేసుకుని ఆమెని మధ్యలో పడుకోబెట్టుకున్నాం, అప్పుడు నిద్రపోయింది. బిస్కెట్ల గురించి ఎవరం ఏమీ అనలేదు. ఆమె అందుకునే ఎత్తులో ఒక డబ్బా పెట్టి, ఇది నీది, ఎప్పుడు కావాలన్నా తీసుకో అన్నాం. వారం పైన పట్టింది దిండు కింద ఖాళీ కావడానికి.

ఇక్కడే నాకు ఒక సంగతి అర్థమైంది. మేమంతా ఆ వారాలని ప్రయాణానికి అడ్డంగా ఉన్న వారాలుగా లెక్కపెడుతున్నాం. పాపకి అవి తెలిసిన గాలిలో, తెలిసిన భాషలో, తెలిసిన తిండితో ఒక్క మార్పు మాత్రమే జరిగిన వారాలు. ఇంట్లో అమ్మ కొత్త, మిగతావన్నీ పాతవే. విమానం దిగాక అన్నీ ఒకేసారి మారిపోతాయి. తెలుగు రాని విదేశీ దంపతులకైతే ఈ రోజులు ఇంకా విలువైనవి. బాత్రూమ్, ఆకలి, నొప్పి, భయం, వద్దు, మళ్లీ వస్తాను అనే ఆరు మాటలైనా తెలుగులో నేర్చుకోవాలి, ముఖ్యంగా చివరిది.

తేదీ చెప్పడం మాత్రం పెద్ద తప్పు. మేము చేశాం. "పదిహేనో తారీఖు అమెరికా వెళ్తున్నాం" అని ఎవరో నోరు జారారు, పాప క్యాలెండర్ మీద గీత గీసింది, ఇంటిపేరు చిక్కు వల్ల ఆ తేదీ దాటిపోయింది. ఆ సాయంత్రం తన బట్టలు మడిచి సంచిలో పెట్టుకుని, "నన్ను మళ్లీ హోమ్‌కి ఎప్పుడు దించుతారు?" అని అడిగింది. మాట ఇచ్చి రాని మనుషులు ఆమె జీవితంలో అప్పటికే ఉన్నారు, మాకు అది తట్టలేదు. ఆ తర్వాత నుంచి తేదీ మానేసి పని చెప్పడం మొదలుపెట్టాం. ఈరోజు ఫొటో దిగుతాం, ఆ పుస్తకం వచ్చాక డాక్టర్ దగ్గరికి వెళ్తాం, తర్వాత రైలెక్కి ఢిల్లీ. ఆలస్యమైతే అయింది, ఎక్కడికెళ్లినా కలిసే వెళ్తాం. పాస్‌పోర్టు వచ్చిన రోజు కవరు ఆమె చేతే చింపించాం.

మూడో వారంలో, దిద్దిన సర్టిఫికెట్ కోసం ఆగుతున్నప్పుడే, హోమ్‌కి ఒకసారి వెళ్లొచ్చాం. వద్దని చాలామంది అన్నారు, పాత జ్ఞాపకాలు తవ్వడం ఎందుకని. నేను ఒప్పుకోను. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కోమని దత్తత పిల్లలకి నిబంధనలే హక్కు ఇస్తున్నాయి, అంటే ఎప్పటికైనా వెతుక్కుంటారని చట్టానికే తెలుసు. అప్పుడు చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆమె పడుకున్న మంచం, స్కూలు, గోడ మీద తను వేసిన బొమ్మ, అన్నీ ఫొటోలు తీశాం. ఆయమ్మ గొంతు ఫోన్‌లో రికార్డు చేశాం, జోలపాట పాడింది, మధ్యలో ఆగిపోయి కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పాడింది. తనకంటే చిన్నదైన ఒక పిల్లకి పాప జడ వేసి రిబ్బను కట్టింది. తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఏడ్చింది, మొదటిసారి మా ముందు ఏడ్చింది. ఆ రాత్రే నా స్నేహితురాలిని మొదటిసారి ఆంటీ అనకుండా అమ్మా అంది.

అక్కాచెల్లెళ్ల పిల్లల్ని దత్తత తీసుకుందామనుకునేవాళ్లకి పక్కగా ఒక హెచ్చరిక. మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత దస్తావేజు రాయించేసుకోవడం మామూలే, 1956 నాటి హిందూ దత్తత చట్టం దాన్ని ఒప్పుకుంటుంది కూడా, పిల్లకి 15 నిండకపోతే. కానీ అమెరికా పౌరులు అలా ముందు దత్తత చేసేసుకుని తర్వాత వీసాకి వెళ్తే చిక్కుల్లో పడతారు. హేగ్ దారిలో ముందు ఐ-800 ఆమోదం రావాలి, దత్తత దాని తర్వాతే. వరుస తిరగబడితే పిల్ల ఇక్కడ, అమ్మానాన్నలు అక్కడ, ఏళ్ల తరబడి. కారాకి ముందే రాసి ఎన్‌ఓసీ దారిలోనే వెళ్లాలి.

ఢిల్లీ ఇంటర్వ్యూ పావుగంట కూడా పట్టలేదు. దత్తత ఇక్కడే పూర్తయింది కాబట్టి ఐహెచ్-3 అనే వీసా ఇచ్చారు. దానితో అక్కడ అడుగుపెట్టగానే, తల్లిదండ్రులతో కలిసి ఉండే పద్దెనిమిదేళ్లలోపు పిల్లకి అమెరికా పౌరసత్వం తనంతట తానే వచ్చేస్తుంది. ముప్ఫై ఆరో రోజు వెళ్లిపోయారు. పాప సంచిలో మా అత్తగారు పెట్టిన కారప్పొడి సీసా, ఆ బిస్కెట్ల డబ్బా ఉన్నాయి.

వెళ్లాక కూడా రెండేళ్లు రిపోర్టులు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. మొదటిది రాసే ముందు స్నేహితురాలు ఫోన్ చేసింది. పాప తిండి, నిద్ర, స్నేహితుల గురించి సంస్థవాళ్లు అడుగుతున్నారట. నిద్ర ఎలా ఉందే అన్నాను. ఇంకా చాప మీదే, ముగ్గురం హాల్లోనే పడుకుంటున్నాం, అదే రాస్తానంది. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు మాత్రం పాప తన గదిలో పడుకుంటోందని చెప్పింది, ఆయమ్మ పాట ఫోన్‌లో పెట్టుకుని, తలుపు తెరిచే ఉంచి.